ట్యాంకు ఈరోజు, చేపలు వచ్చే నెల: టేబుల్ మీద చిన్న అక్వేరియం

(దృశ్యం: టేబుల్ మీద ఖాళీ గాజు ట్యాంకు, పక్కన రెండు బకెట్లు. చేప ఒక్కటీ లేదు.)

నమస్తే అండి. ఆదివారం సాయంత్రం పిల్లల్ని తీసుకుని షాపుకి వెళ్తారు. ట్యాంకు, రంగురాళ్లు, ఫిల్టరు, నాలుగు గోల్డ్ ఫిష్, అన్నీ ఒకే బిల్లులో వచ్చేస్తాయి. బుధవారానికి ఒకటి పోతుంది, శుక్రవారానికి రెండోది. "మంచి చేపలు ఇవ్వలేదు" అని షాపతన్ని తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు అతనిదీ కాదు, చేపలదీ కాదు. అప్పుడే నింపిన నీళ్లలో ఆరోజే చేపల్ని వదిలేయడమే అసలు కారణం. అందుకే ఈ వీడియోలో కూడా చేపలు ఆలస్యంగా వస్తాయి, కాస్త ఓపిక పట్టండి.

ముందు ట్యాంకు సంగతి. గుండ్రటి గాజు బౌల్ జోలికి మాత్రం పోకండి. చిన్నదైతే పని తక్కువ అనుకుంటాం గానీ నిజానికి ఎక్కువ. నీళ్లు తక్కువున్న కొద్దీ మురికి తొందరగా పేరుకుంటుంది, ఎండకు తొందరగా వేడెక్కుతుంది. ఒకటిన్నర అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకు తీసుకోండి. నిండా పోస్తే 42 లీటర్ల దాకా పడుతుంది. లీటరు నీళ్లంటే కిలో. గాజు, రాళ్లు కలుపుకుంటే 50 కిలోల బరువు, అంటే ఓ మనిషిని రాత్రీ పగలూ టేబుల్ మీద కూర్చోబెట్టినట్టే. కంప్యూటర్ టేబుళ్లు చాలావరకు చెక్కపొట్టు అతికించి చేసిన బోర్డువి. నాలుగుసార్లు నీళ్లు ఒలికితే ఉబ్బిపోతాయి. ఇనుప స్టాండు అంటారా, మన విశాఖలో లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఉండేవాళ్లకి ఉప్పుగాలి సంగతి నేను చెప్పక్కర్లేదు. గట్టి చెక్క బల్లో, వంటింటి గట్టులాంటి రాతి పలకో ఉత్తమం. ట్యాంకు కింద థర్మాకోల్ షీటు మర్చిపోకండి. కిటికీ పక్కన పెట్టొద్దు, ఎండ తగిలితే వారంలో నాచు పట్టేస్తుంది.

(దృశ్యం: అరచేతిలో గవ్వలు, ఆల్చిప్పలు. వాటి మీద నిమ్మరసం చుక్క పడగానే సన్నగా నురుగు.)

ఇప్పుడు అడుగున వేసే రాళ్లు. మన ఊళ్లో అందరికీ వచ్చే ఆలోచన ఒకటుంది: ఆర్కే బీచ్‌లో ఇసుక, గవ్వలు ఊరికే దొరుకుతున్నాయి కదా అని. వద్దండి. ఆ ఇసుకలో ఉప్పు ఉంటుంది. గవ్వలు, ఆల్చిప్పలు అంటే కాల్షియం కార్బనేట్, అది నీళ్లలో మెల్లగా కరిగి నీటిని ఇంకా కఠినం చేస్తుంది, అంటే నీళ్లలో కాల్షియం లాంటి లవణాలు పెరుగుతాయి. పీహెచ్, అంటే నీటి క్షారగుణం చూపే అంకె, అదీ పెరుగుతుంది. బొర్రా గుహలు ఏర్పడింది సున్నపురాయిలోనే, కాబట్టి అరకు దారిలో ఏరుకొచ్చిన రాయినీ అనుమానించాల్సిందే. చూశారుగా, నిమ్మరసం వేయగానే పొంగింది. పొంగిన రాయి ట్యాంకులోకి వెళ్లకూడదు. షాపులో దొరికే మామూలు నది గులకరాళ్లు చాలు. బకెట్లో వేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. సబ్బు, డిటర్జెంట్ తగలనివ్వకండి.

ఫిల్టరు విషయంలో నా ఓటు స్పాంజ్ ఫిల్టరుకే. ఎయిర్ పంపుతో నడిచే నల్ల స్పాంజి ముక్క. చూడ్డానికి అందంగా ఉండదు, నిజమే. కానీ చవక, పాడయ్యే భాగాలు తక్కువ, చేపపిల్లల్ని లోపలికి లాగేయదు. పంపు నీటిమట్టం కంటే కింద ఉంటే పైపులో నాన్ రిటర్న్ వాల్వు పెట్టండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు వెనక్కి పంపులోకి వస్తాయి. ప్లగ్గు వైరు సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా వదలండి, వైరు వెంబడి జారిన చుక్క నేల మీద పడుతుంది గానీ సాకెట్లోకి పోదు.

ఇక నీళ్లు. మన ఇళ్లలో మునిసిపల్ కుళాయి ఉంటుంది, లేదా అపార్ట్‌మెంట్ బోరు, చాలాచోట్ల రెండూ ఒకే ట్యాంకులో కలుస్తాయి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. బకెట్లో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచండి, లేదా షాపులో అమ్మే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన లెక్కన వేయండి. బోరు నీళ్లలో క్లోరిన్ గొడవ ఉండదు, కాఠిన్యం ఉంటుంది. అలాగని ఆర్వో నీళ్లు మాత్రమే పోయకండి, చేపలకీ మొక్కలకీ కావాల్సిన లవణాలు కూడా అందులోంచి పోయుంటాయి. రాళ్ల మీద ఒక పళ్లెం పెట్టి, దాని మీద మెల్లగా నీళ్లు పోయండి. అడుగు చెదరదు.

ఇక్కణ్నించి అసలు కథ.

(దృశ్యం: తెర మీద మూడు గీతలు. అమ్మోనియా గీత లేచి పడుతుంది, తర్వాత నైట్రైట్ గీత లేచి పడుతుంది, చివర్లో నైట్రేట్ గీత మెల్లగా పైకి వెళ్తుంది.)

చేప మొప్పల్లోంచి, రెట్టలోంచి, తినగా మిగిలిన మేతలోంచి అమ్మోనియా వస్తుంది. అది చేపకి విషం. నైట్రోసోమోనాస్ లాంటి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. ఇదీ విషమే. నైట్రోస్పైరా లాంటివి ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తాయి. దీని హాని చాలా తక్కువ, వారానికోసారి నీళ్లు మారిస్తే సరిపోతుంది. ఈ బ్యాక్టీరియా ఉండేది ఎక్కువగా ఫిల్టరు స్పాంజిలో, రాళ్ల మీద. కొత్త ట్యాంకులో అవి దాదాపు ఉండవు. తగినన్ని పెరగడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

కఠినమైన నీళ్లలో పీహెచ్ కూడా ఎక్కువుండొచ్చు కాబట్టి బోరు నీళ్ల వాళ్లు ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి. అమ్మోనియా మొత్తం ఒకేలా చంపదు. 28 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే, విషరూపంలో ఉండేది అందులో 1 శాతం లోపే. అదే పీహెచ్ 8 అయితే 6, 7 శాతం. అంటే అదే మురికి, అదే చేప, కానీ ప్రమాదం దాదాపు తొమ్మిది రెట్లు. వేడి పెరిగితే ఇంకాస్త పెరుగుతుంది.

అందుకని చేపలు లేకుండానే ట్యాంకుని నడపాలి. ఫిల్టరు రాత్రింబవళ్లు ఆన్‌లో ఉంచి, రోజుకో చిటికెడు మేత ఖాళీ నీళ్లలో వేయండి. అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది, దాన్ని తిని బ్యాక్టీరియా పెరుగుతాయి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. మొదటి వారంలో నీళ్లు పాలవిరుగుడులా తెల్లబడొచ్చు. టెన్షన్ పడి మొత్తం పారబోయకండి, కొన్ని రోజులకు దానంతటదే తేటపడుతుంది. ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంకు ఉన్న స్నేహితులుంటే, వాళ్ల పాత స్పాంజి మీ ట్యాంకులో పిండండి. రోజులు బాగా తగ్గుతాయి.

(దృశ్యం: గాజు గొట్టం దగ్గరగా. 5 మిల్లీలీటర్ల నీళ్లు. చుక్కలు పడుతుంటే రంగు మారుతుంది.)

అయిందో లేదో కంటితో తెలియదు, చుక్కల టెస్ట్ కిట్ కొనండి. గొట్టంలో ట్యాంకు నీళ్లు, కిట్‌లో చెప్పినన్ని చుక్కలు, మూత పెట్టి ఊపడం, అయిదు నిమిషాలు ఆగడం. ఇది అమ్మోనియా కిట్. పసుపు రంగులో ఉండిపోతే సున్నా. చూడండి, అంచు దగ్గర లేత ఆకుపచ్చ దిగుతోంది. అంటే ఇంకా ఉంది, చేపలకి టైం కాలేదు. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ కాస్త కనిపించాలి. మేత వేసిన మర్నాడు కూడా అలాగే చూపిస్తే ట్యాంకు సిద్ధం.

(దృశ్యం: నీటిలో తేలుతున్న ప్లాస్టిక్ కవరు, లోపల గప్పీలు.)

ఏ చేపలు? బోరు నీళ్లయితే కళ్లు మూసుకుని గప్పీలు. కాఠిన్యం వాటికి ఇష్టమే. ఆరు మగవి చాలు. ఆడవాటిని కలిపితే నెలకోసారి పిల్లలు, అపార్ట్‌మెంట్ అంతా పంచినా తరగవు. లేదంటే ఒకే ఒక్క మగ ఫైటర్. అది పైకొచ్చి గాలి కూడా పీల్చుకోగలదు కాబట్టి గ్లాసులో బతుకుతుందని అమ్ముతారు. బతకడం వేరు, బాగుండటం వేరు. గోల్డ్ ఫిష్ ఈ సైజుకి సరిపోదు. ట్యాంకు శుభ్రం చేస్తుందని అంటగట్టే సక్కర్ ఫిష్ అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక దాన్ని ముడసర్లోవ జలాశయంలోనో గెడ్డలోనో వదిలే పని అసలు చేయకండి. మన రాష్ట్రంలో నీళ్లలోకి చేరి ఇప్పటికే జాలర్ల వలలు చింపుతోంది. బీచ్ రోడ్డు మత్స్యదర్శినిలో పిల్లలు చూసి ముచ్చటపడిన సముద్రపు చేపలంటారా, అది వేరే లెక్క, వేరే ఖర్చు.

కవరుని పావుగంట తేలనిచ్చి, కొద్దికొద్దిగా ట్యాంకు నీళ్లు కలిపి, వలతో చేపల్ని మాత్రమే లోపలికి వదలండి. కవరు నీళ్లు సింకులోకి.

వారానికోసారి పని అరగంట కూడా ఉండదు. సైఫన్ గొట్టంతో అడుగు మురికి లాగుతూ 8, 10 లీటర్లు, అంటే ఒక చిన్న బకెట్, తీసి క్లోరిన్ పోయిన నీళ్లు పోయాలి. నెలకోసారి స్పాంజిని ఆ తీసిన బకెట్ నీళ్లలోనే పిండండి. కుళాయి కింద కడిగితే నెలరోజులు పెంచిన బ్యాక్టీరియా క్లోరిన్‌కి పోతాయి. తగ్గిన నీళ్లు నింపుతూ పోతే సరిపోదు. ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు లోపలే ఉండిపోతాయి. లైటు రోజుకి 6 నుంచి 8 గంటలు. మేత రెండు నిమిషాల్లో తినేసేంత.

మే నెలలో నీళ్లు 30 దాటితే ఆక్సిజన్ తగ్గుతుంది. నీటి మీదుగా చిన్న ఫ్యాన్ తిప్పండి, కొంత దిగుతుంది. గాల్లో తేమ ఎక్కువ కాబట్టి మనకి హైదరాబాద్‌లో దిగినంత దిగదు. దోమల స్ప్రే ఆ గదిలో కొట్టొద్దు, అందులో వాడే మందులు చేపలకి విషం, పైగా ఎయిర్ పంపు గదిలోని గాలినే నీళ్లలోకి తోస్తుంది. వీధిలో ఫాగింగ్ బండి వచ్చినప్పుడు కిటికీలు మూసి, పొగ పోయేదాకా పంపు ఆపండి.

గంటా రెండు గంటల కరెంటు కోతకి ఏమీ కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని సంగతి ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. ఆక్సిజన్ అందకపోతే స్పాంజిలోని బ్యాక్టీరియా కూడా చచ్చిపోతాయి. పవర్ బ్యాంకుతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. అదీ లేకపోతే మగ్గుతో నీళ్లు తీసి పైనుంచి పోస్తూ ఉండాలి, మేత ఆపేయాలి.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: మేత ఎవరు వేస్తారని. నాలుగైదు రోజులు మేత లేకపోయినా పెద్ద చేపలకి ఏమీ కాదు. పక్కింటి పిన్నిగారికి డబ్బా ఇచ్చి వెళ్తే ప్రేమ కొద్దీ గుప్పెళ్లతో వేస్తారు, అదే ప్రమాదం. పది రోజుల ప్రయాణమైతే రెండు రోజులకో పొట్లం చొప్పున కట్టి, డబ్బా దాచేసి వెళ్లండి. లైటు టైమర్ మీద పెట్టండి. తాళం వేసే హడావిడిలో అలవాటుగా మెయిన్ స్విచ్ ఆపేయకండి.