నెలన్నర వాడిన బ్రేక్ లేత్: స్విచ్ బంగారం, గార్డ్‌కి మాత్రం ఓ నమస్కారం

అందరికీ నమస్కారం. నా వెనకాల ఉన్న ఈ బ్రేక్ లేత్, అంటే బండి బ్రేక్ డిస్కుల్నీ డ్రమ్ముల్నీ తిప్పుతూ అరిగిన పైపొర కోసి నున్నగా చేసే మెషీన్, నేను కొన్నది కాదు. కంపెనీవాళ్లు రివ్యూ కోసం ఊరికే పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు కానీ, మెషీన్ మాత్రం నెలన్నర నుంచి నా షెడ్డులోనే ఉంది. ముందే చెప్పేస్తున్నాను, ఇక నేను పొగిడినా తిట్టినా మీ లెక్క మీరు వేసుకోండి. మోటారు ఎంత, ఎంత సైజు డ్రమ్ పడుతుంది, స్పీడులు ఎన్ని, అవన్నీ ఈపాటికి చూసే ఉంటారు. వాటి జోలికి పోను. ఇవాళ నా గోలంతా ఒక స్విచ్ గురించి.

కెమెరా దగ్గరికి తెస్తాను. ఆకుపచ్చ బటన్, పక్కనే పుట్టగొడుగులా ఎర్ర బటన్. ఇందులో ఏముంది, అన్నింటికీ ఉండేదే కదా అనిపిస్తుంది. ఇప్పుడు చూడండి. డిస్క్ తిరుగుతోంది. గోడ దగ్గర మెయిన్ ఆపేశాను. ఆగిపోయింది. కరెంటు పోయినట్టే అనుకోండి. మళ్లీ మెయిన్ వేశాను... చూశారా, కదల్లేదు. ఆకుపచ్చ బటన్ నొక్కితే తప్ప తిరగదు. దీన్ని నో వోల్ట్ రిలీజ్ అంటారు. లోపల చిన్న కాయిల్ ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపూ అది అయస్కాంతంలా స్విచ్చుని పట్టుకుని ఉంటుంది. కరెంటు పోగానే పట్టు వదిలేస్తుంది, స్ప్రింగు స్విచ్చుని ఆఫ్‌లోకి తోసేస్తుంది. కరెంటు మళ్లీ వచ్చినా దానంతటది ఆన్ కాదు. ఇంతే సంగతి.

దీనికింత సంబరం ఎందుకంటే, నా పాత లేత్‌కి ఇది లేదు. ఇంట్లో లైటు స్విచ్ లాంటిదే దానికీ ఉండేది. ఒకరోజు డిస్క్ సగం కోత మీద ఉండగా కరెంటు పోయింది. సరే, ఖాళీయే కదా అని వేస్ట్ గుడ్డ తీసుకుని డిస్క్ మీద రజను తుడుస్తూ కూర్చున్నాను. స్విచ్ ఆన్‌లోనే ఉందన్న ధ్యాసే లేదు. కరెంటు వచ్చింది. గుడ్డ కొస డిస్కుకీ టూలుకీ మధ్య ఇరుక్కుంది, నా చేతిలోంచి సర్రున లాగేసుకుంది. రెండు చుట్లు చుట్టుకుని చిరిగి కింద పడింది. నేను ఆ గుడ్డ చేతికి చుట్టుకోలేదు, గ్లవ్స్ వేసుకోలేదు. అందుకే ఇవాళ పది వేళ్లతో మీ ముందు కూర్చున్నాను.

చాలామందికి ఈ మెషీన్ అంటే భయం ఉండదు. గ్రైండర్ లాగా గుయ్యిమనదు, నిమిషానికి 100 నుంచి 200 చుట్లు తిరుగుతుంది, అంతే. కానీ 150 చుట్లంటే ఒక్కో చుట్టుకి అర సెకను కూడా పట్టదు. చెయ్యి పట్టేసిందని మన బుర్రకి తెలిసేలోపు ఒక చుట్టు అయిపోతుంది. గ్లవ్స్ సంగతి కూడా అందుకే. డిస్క్ ఎత్తి బిగించేటప్పుడు వేసుకోండి, అరిగిన అంచు బ్లేడులా కోస్తుంది. స్టార్ట్ నొక్కే ముందు మాత్రం తీసేయండి. ఉంగరం, వాచీ, మెడలో ఐడీ కార్డు తాడు, వేలాడే ఇయర్‌ఫోన్ వైరు, జారిన చున్నీ, ఫుల్ చేతుల చొక్కా బొత్తాం పెట్టుకోకపోవడం, ఏదైనా సరే, షాఫ్టుకి అన్నీ ఒకటే.

ఎర్ర బటన్ పెట్టిన చోటు కూడా నాకు తెగ నచ్చింది. కుడి చెయ్యి ఫీడ్ హ్యాండిల్ (కోసే టూలుని జరిపే పిడి) మీద ఉండగానే ఎడమ చేత్తో అందుతుంది. పాతదాని మీద ఆఫ్ చేయాలంటే తిరిగే డ్రమ్ మీదుగా చెయ్యి చాపాల్సి వచ్చేది. అది డిజైన్ చేసినాయన ఒక్కరోజైనా దాని మీద పని చేశాడా అని నాకు అనుమానం. అయితే ఒక్కమాట. బటన్ నొక్కినా బరువైన డ్రమ్ వెంటనే ఆగదు, ఇంకా కొన్ని చుట్లు తిరుగుతుంది. తొందరపడి అరచేత్తో ఆపేవాళ్లని నా కళ్లతో చూశాను. దయచేసి ఆ పని చెయ్యొద్దు.

ఇక గార్డ్ దగ్గరికి వద్దాం, అదే, కోత మీద కప్పే ప్లాస్టిక్ మూత. ఇక్కడ నాకు ఒళ్లు మండింది.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. రెండో రోజే దాని మీద బ్రేక్ క్లీనర్ కొట్టి తుడిచాను. చాలా బ్రేక్ క్లీనర్లలో ఎసిటోన్ ఉంటుంది, ప్లాస్టిక్‌కి అది పడదు. ఇదిగో, ఈ మూల పాలు ఒలికినట్టు తెల్లగా మసకబారిందే, అది నా పనితనం. సబ్బునీళ్లతో తుడవాల్సింది. ఇది కంపెనీ మీదకి తోయను. కానీ ఇది చూడండి. కోత లోతు సరిచేసే డయల్ గార్డ్ లోపల ఉంది. ప్రతి కోతకీ గార్డ్ ఎత్తాలి, డయల్ తిప్పాలి, మళ్లీ దించాలి. రోజుకి పది డిస్కులు వేసేవాడు ఎన్నిసార్లు ఎత్తి దించుతాడు? మూడో రోజుకి నట్లు విప్పి బల్ల కింద పడేస్తాడు. పైగా గార్డ్ ఎత్తినా మెషీన్ ఆగదు, అలాగే తిరుగుతూ ఉంటుంది. స్విచ్ దగ్గర అంత బుర్ర పెట్టినవాళ్లు ఇక్కడ గార్డ్ ఎత్తగానే మెషీన్‌ని ఆపే ఒక చిన్న లిమిట్ స్విచ్ పెట్టలేకపోయారా? బీడు ఇనుము రజను మెత్తగానే రాలుతుంది, పెద్ద ప్రమాదం లేదనుకుంటాం. కోసే టూలు కొసన ఉండే కార్బైడ్ టిప్ మూల విరిగినప్పుడు ఆ ముక్క ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. గార్డ్ ఉన్నా లేకపోయినా గాగుల్స్ తీయకండి. నేను కళ్లజోడు మీద నుంచే పెట్టుకుంటాను.

దుమ్ము దగ్గర మళ్లీ మార్కులు వేస్తాను. కింద వ్యాక్యూమ్ గొట్టం తగిలించే మూతి ఉంది. నేను కొన్నేళ్లపాటు డ్రమ్ విప్పగానే ఎయిర్ గన్‌తో బుస్సుమని ఊదేవాణ్ణి. నల్లటి పొగలా లేచేది, నా శిష్యుడు ఎదురుగా నిలబడి దగ్గేవాడు. పాత బ్రేక్ షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, చూస్తే తెలియదు. ఆ నూగు ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బు బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది. అందుకే గాలి కొట్టకండి. తడిపి తుడవండి, లేదంటే సన్నటి దుమ్మునీ పట్టేసే హెపా ఫిల్టర్ ఉన్న వ్యాక్యూమ్ వాడండి. ఇంట్లో ఇల్లు ఊడ్చే వ్యాక్యూమ్ తెచ్చి పెట్టారంటే సన్నటి దుమ్మంతా వెనక నుంచి మళ్లీ మీ ముక్కులోకే.

కోత ఎలా ఉందంటే, బాగుంది. దానికి కూడా సగం కారణం బిగింపే. డిస్క్ బిగించాక పైపైన ఒక గీత పెట్టి, ఆపి, నట్టు వదులు చేసి, డిస్కుని సగం చుట్టు తిప్పి బిగించి ఇంకో గీత పెడతాను. రెండు గీతలూ డిస్క్ మీద ఒకే చోట పడితే వంకర డిస్కుదే. ఎదురెదురుగా పడితే బిగింపులో తేడా ఉంది, డిస్కుని షాఫ్టు మీద నడిమికి పట్టి ఉంచే కోన్ కింద రజను ఇరుక్కుని ఉంటుంది. దీని నట్టుకి ఎడమ మర, మొదటిరోజు వదులు చేద్దామనుకుని నేనే ఇంకా బిగించేశాను. కోత మొదలుపెట్టే ముందు డిస్క్ చుట్టూ రబ్బరు బెల్టు వేసి కొక్కెం సరిగ్గా పడిందో లేదో వేలితో లాగి చూడండి. అది లేకపోతే డిస్క్ గంటలా మోగుతుంది, సరిగ్గా పడకపోతే ఊడి ఎగురుతుంది. డిస్క్ మీద అచ్చు కొట్టి ఉన్న కనీస మందం కంటే తగ్గేలా ఉంటే కొయ్యనే కొయ్యొద్దు, కస్టమర్ ఎంత బతిమాలినా సరే. అయిపోయాక సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి ఇవ్వండి.

మరి కొనాలా వద్దా? కొత్తగా షెడ్డు పెట్టేవాళ్లయితే కొనండి. గార్డ్ మీద తిట్టుకుంటూనే కొనండి. ఇప్పటికే లేత్ ఉన్నవాళ్లు మాత్రం ఆగండి. దీన్ని వాడిన రెండో వారంలో నేను చేసిన పని చూపిస్తాను, కెమెరా ఇటు తిప్పు. ఇది నా పాత లేత్. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మోటారుకి సరిపడే నో వోల్ట్ స్విచ్ పెట్టించాను. పని ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. దాని ఎర్ర బటన్‌ని పాత స్విచ్ లాగా డ్రమ్ అవతల కాకుండా ఇవతలే పెట్టించాను. ఆ లైటు స్విచ్ పీకేసిన చోట చిన్న రంధ్రం మిగిలింది, దానికింకా మూత వెయ్యాలి, రజను లోపలికి పోతుంది.