ఏడో రోజున బాలింత ఎలా ఉంది?

(విశాఖపట్నంలో ఆశా కార్యకర్తల సమావేశంలో ఒక మానసిక వైద్యుడి ప్రసంగం)

అమ్మలూ, మజ్జిగ వచ్చేదాకా మాట్లాడతాను. వచ్చాక ఎలాగూ ఎవరూ వినరు.

కొన్నేళ్ళ కిందట అత్తగారు ఒకమ్మాయిని తీసుకొచ్చారు. పుట్టింట్లో పురుడు పోసుకుని, మూడో నెలలో అత్తారింటికి వచ్చింది. వచ్చినప్పటి నుంచీ ఏడుపే. తిండి సయించదు, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాదు. బాలింతల దిగులును కొలిచే ఎడిన్‌బరో పది ప్రశ్నల పట్టిక పెడితే మార్కులు బాగా ఎక్కువొచ్చాయి. డిప్రెషన్ అనుకుని మాత్ర రాశాను.

రెండు వారాలు తిరక్కుండానే ఆ పిల్ల గాజులు తాకట్టు పెట్టి చీరల వ్యాపారం మొదలెట్టేసింది. అప్పుడు ఊరి నుంచి కన్నతల్లి వచ్చింది. మొదటిరోజే అడగాల్సింది అప్పుడడిగాను, పురిటి వారంలో ఎలా ఉందమ్మా అని.

"అప్పుడు మంచి హుషారు బాబూ! రాత్రి రెండింటికి లేచి బట్టలన్నీ ఉతికీసింది. మా గుంటకి నిద్దరే అక్కర్లేదు."

బారసాలకి పేర్లు రాసిన నోటుబుక్కు కూడా సంచిలోంచి తీసింది. మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలు. పదో పేజీకొచ్చేసరికి అరచేతంత అక్షరాలు, పేర్లు పోయి రైళ్ళ టైములు.

ఆ అమ్మాయిది బైపోలార్. మనసు కొన్నాళ్ళు ఆకాశాన, కొన్నాళ్ళు పాతాళాన ఉండే జబ్బు. పాతాళంలో ఉన్నప్పుడు చూస్తే అచ్చం డిప్రెషనే. 1987లో వచ్చిన ఆ పట్టిక దిగులును కొలుస్తుంది, అంతకుముందరి హుషారును అడగదు. బైపోలార్‌కి ఒట్టి డిప్రెషన్ మాత్ర ఇస్తే మనిషి ఒక్కోసారి పైకి ఎగిసిపోతుంది. మందులే వేరు.

హుషారు చూసింది పుట్టిల్లు, దిగులు చూసింది అత్తిల్లు. రెండూ కలిపి చెప్పేవాళ్ళేరి? మీరే. 3, 7, 14 రోజుల్లో బిడ్డను తూకం వెయ్యడానికి వెళ్తారుగా, తల్లినొక్క మాట అడగండి: బిడ్డ పడుకున్నప్పుడు నీకు నిద్ర పడుతోందా? దిగులున్న పిల్ల పట్టడం లేదని చెప్తుంది, ముఖం వాడిపోయి ఉంటుంది. రెండో రకం పిల్ల గంట పడుకుని లేచి, అలసటే లేదంటుంది, మాటకి మాట అందదు. మూడో రోజో ఐదో రోజో కాస్త ఏడవడం చాలామందికి ఉన్నదే, రెండు వారాల్లో పోతుంది. దానికి కంగారొద్దు. ఇంట్లో ఇంకెవరికైనా బైపోలార్ జబ్బుందా, పెళ్ళికి ముందు ఈమెకిలాంటి హుషారొచ్చిందా అని కూడా అడగండి.

చెవిలో మాటలు వినిపిస్తున్నాయన్నా, ఈ బిడ్డ నా బిడ్డ కాదన్నా ఆ పూటే కేజీహెచ్‌కో (కింగ్ జార్జి ఆసుపత్రి) చినవాల్తేరు మానసిక ఆసుపత్రికో తేవాలి. ఇలా బాలింతకి మతి తప్పే జబ్బు వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింటికి వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. బిడ్డను ఆమె దగ్గర ఒంటరిగా వదలొద్దు. గాలి సోకింది, తీయిస్తామంటారు. వాదన పెట్టుకోకండి, ఆసుపత్రి నుంచి వచ్చాక తీయించుకోండి అనండి. దారి తోచకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలిమానస్, మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, తెలుగులోనే మాట్లాడతారు.

మీరు చూసింది తేదీ వేసి రెండు ముక్కలు కాగితం మీద రాసి, తల్లి కార్డులో పెట్టండి. ఆ కార్డు ఆమెతోపాటు అత్తారింటికి వెళ్తుంది.