గ్రేడియెంట్ మధ్యలో ఆ బూడిద రంగు ఎక్కడి నుంచి వస్తోంది?

"ప్రింటింగ్ మిషన్ బాగలేదన్నా, మధ్యలో రంగు చచ్చిపోతోంది." నెల్లూరులో, ఒంగోలులో ఏ ఫ్లెక్సీ షాపుకెళ్లినా ఈ మాట వినపడుతుంది. విన్నప్పుడల్లా నాకు చిరాకే. పాపం మిషన్ ఏం చేస్తుంది? ఆ బూడిద రంగు ఫోటోషాప్‌లోనే పుట్టింది.

మైపాడు బీచ్‌లో సూర్యోదయం బ్యాక్‌గ్రౌండ్‌గా కావాలనుకుందాం. పైన నీలం, కింద పసుపు పెట్టి గ్రేడియెంట్, అంటే ఒక రంగు మెల్లగా ఇంకో రంగుగా మారే పూత, లాగేస్తారు.

[స్క్రీన్ మీద: నీలం నుంచి పసుపు. మధ్య భాగం జూమ్]

చూశారా, ఇక్కడే. తెర మీద ప్రతి రంగుకూ మూడు అంకెలు, వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో, 0 నుంచి 255 దాకా. నీలం 0, 0, 255. పసుపు 255, 255, 0. పాత పద్ధతిలో సాఫ్ట్‌వేర్ మధ్యలో రెండింటి సగటు తీస్తుంది. ఎరుపు 128, ఆకుపచ్చ 128, నీలం 128. మూడూ సమానమైతే వచ్చేది బూడిద రంగే. ఇంకు ఎన్నిసార్లు మార్చినా అది పోదు.

మైపాడులో తెల్లవారుజామున ఆకాశం అలా ఉండదు కదా! మబ్బు లేని రోజు చూడండి, నీలానికీ పసుపుకీ మధ్య లేత గులాబీ కనిపిస్తుంది. మనమూ అదే పెడదాం. గ్రేడియెంట్ ఎడిటర్‌లో రంగుల పట్టీ కింద, మధ్యలో క్లిక్ చేస్తే కొత్త స్టాప్, అంటే అక్కడ ఏ రంగు ఉండాలో చెప్పే గుర్తు, వస్తుంది. దానికి 255, 170, 150 ఇవ్వండి. ఇప్పుడు నీలానికీ గులాబీకీ నడుమ ఊదా వచ్చింది, గులాబీకీ పసుపుకీ నడుమ మామిడిపండు రంగు. ఆకాశానికి ప్రాణం వచ్చింది! గులాబీ స్టాప్‌ను కాస్త పసుపు వైపు జరపండి. గులాబీ సముద్రం అంచుకు దగ్గరగా ఉంటేనే అందం. స్టాప్‌ల మధ్య కనిపించే చిన్న డైమండ్‌ను జరిపితే రంగు ఎక్కడ మారాలో కూడా మీ చేతిలోనే ఉంటుంది.

కొత్త ఫోటోషాప్‌లో మెథడ్ దగ్గర పర్సెప్చువల్, అంటే మన కంటికి కనిపించే తీరులో రంగులు కలిపే పద్ధతి, పెడితే కొంత నయం. అయినా నా ఓటు మూడో రంగుకే.

టైమ్ అయిపోతోంది, గ్రేడియెంట్‌లో ఒక్కోసారి కనపడే చారల సంగతి త్వరగా చెప్పేస్తాను. మామూలు 8 బిట్ ఫైల్‌లో ఒక్కో ఛానల్‌కు, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలంలో ఒక్కోదానికి, 256 మెట్లే. మన ఆకాశం పైభాగంలో నీలం 200 నుంచి 220కి 2000 పిక్సెళ్లలో మారిందనుకోండి, మిగతా రెండు ఛానళ్లూ కదలకపోతే ఒక్కో మెట్టు దాదాపు 100 పిక్సెళ్లు. అందుకే చారలు కనపడతాయి. మెట్ల అంచులను చిన్న చుక్కలతో కలిపేసే డిథర్‌కు టిక్ పెట్టండి, వీలైతే మొదటి నుంచే, మెట్లు చాలా ఎక్కువుండే 16 బిట్‌లో పని చేయండి. ఫోటోషాప్ బదులు జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు కీబోర్డు మీద జీ (G) నొక్కి గ్రేడియెంట్ లాగాక, ఆ గీత మీదే క్లిక్ చేసి స్టాప్ పెట్టుకోవచ్చు.

ఇంకోటి. తెర మీద మెరిసే ఆ 0, 0, 255 నీలం ప్రింట్‌లో అంత మెరుపుగా రాదు. కస్టమర్‌కు చూపించే ముందే కొంచెం ముదురు నీలానికి మార్చేయండి.