మా కుక్కపిల్లే కదా!

శ్రోతలకు నమస్కారం.

నేను విశాఖపట్నంలో పశువైద్యుణ్ని. కిందటి వేసవిలో పెదవాల్తేరు నుంచి ఒకావిడ రెండు నెలల కుక్కపిల్లను తువ్వాలులో చుట్టుకొని నా దగ్గరికి తెచ్చింది. అది పాలు ముట్టడం లేదని ఆమె దిగులు. వెంట తొమ్మిదేళ్ల కూతురు. పాప కుడిచేతిని వెనక్కి దాచుకుంటోంది. చూపించమ్మా అంటే మెల్లగా చాపింది. బొటనవేలి కింద రెండు పంటిగాట్లు. వాటి మీద పసుపూ సున్నమూ కలిపి మందంగా పట్టించారు. అది ఎండి పెచ్చు కట్టింది. "ఆడుకుంటూ కొరికిందండీ. మా కుక్కపిల్లే కదా!" అంది తల్లి.

నాకు అన్నిటికన్నా భయం కలిగించే మాట ఇదే. రేబిస్‌కు మన కుక్క, వీధికుక్క అన్న తేడా లేదు. ఆ కూనను వాళ్లు వీధి చివర నుంచి తెచ్చుకున్నారు. దాని తల్లిని ఏది కరిచిందో ఎవరికి తెలుసు? వ్యాధి సోకిన జంతువు లాలాజలం గాయానికి తగిలితే చాలు. పిల్లి గీరినా అశ్రద్ధ చేయకూడదు. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బు నుంచి బతికి బయటపడడం దాదాపు అసాధ్యం. అవి బయటపడేలోగా మాత్రం మనకు వ్యవధి ఉంటుంది. వైరస్ నరాల వెంట మెదడుకు చేరడానికి సాధారణంగా వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. వైరస్‌ను అడ్డుకునే పని ఆ వ్యవధిలోనే జరగాలి.

పసుపు, సున్నం, కారం, కాఫీపొడి ఆ పని చేయలేవు. పైగా గాయాన్ని మండించి, కడగకుండా అడ్డం పడతాయి. ఈ వైరస్ చుట్టూ కొవ్వుతో కూడిన పొర ఉంటుంది. జిడ్డుగిన్నెను సబ్బు వదిలించినట్టే ఆ పొరనూ కరిగిస్తుంది. అందుకే కుళాయి ధార కింద 15 నిమిషాల పాటు సబ్బుతో కడగమంటారు. పాప చేతిని మా గదిలోని కుళాయి కిందే పెట్టించాను. ఐదారు నిమిషాలకు గానీ ఆ పెచ్చు ఊడలేదు. ఊడాక చూస్తే ఒక గాటు మేం అనుకున్నదానికన్నా లోతుగా ఉంది.

"బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారా?" అని పాప ఏడుపు గొంతుతో అడిగింది. వాళ్ల తాతయ్య చెప్పారట. ఆయన కాలంలో అది నిజమే. గొర్రె మెదడు నుంచి తయారుచేసిన ఆ పాత టీకాను మన దేశంలో 2004తో ఆపేశారు. ఇప్పుడు జబ్బకే వేస్తారు. పద్ధతిని బట్టి నాలుగో, ఐదో. రక్తం వచ్చిన గాయమైతే దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా ఎక్కిస్తారు. కుక్క పది రోజులు బాగుంటుందో లేదో చూసి అప్పుడు వెళదామని ఆగవద్దు. ముందు టీకా మొదలుపెట్టించుకొని, ఆ తర్వాత కుక్కను గమనించండి. ఆ పాప వాళ్లింటి క్యాలెండర్‌లో తన సూదుల తేదీలను ఎర్ర పెన్సిల్‌తో, మూడు నెలలు నిండాక కుక్కపిల్లకు వేయించాల్సిన రోజును నీలం పెన్సిల్‌తో చుట్టి పెట్టుకుంది.

ఇక జ్వరం సంగతి. ముక్కు పొడిగా ఉందనో, చెవులు వేడిగా ఉన్నాయనో జ్వరమని తేల్చేస్తారు. కుక్కకూ పిల్లికీ సహజంగానే ఒళ్లు 101, 102 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉంటుంది. మన చేతికి అది వేడిగానే తగులుతుంది. ఆ వేడి చూసి పిల్లికి ఒక పారాసిటమాల్ ముక్క మింగిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది, ఊపిరి అందదు. ప్రేమతో వేసిన ఆ ముక్క వల్ల చనిపోయిన పిల్లుల్ని నా బల్ల మీద చూశాను. ఆ ఇళ్లవాళ్ల ముఖాలు ఇప్పటికీ మరచిపోలేను.

పిల్లికి పాలే ఆహారమన్నదీ పొరపాటే. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. కుక్కకు ఉల్లిపాయ కూర, ద్రాక్ష, ఉడికిన కోడి ఎముకలు పెట్టవద్దు.

మన ఊరి వేసవికి సంబంధించి ఒక మాట తప్పక చెప్పాలి. మే నెలలో హస్కీలను, పొమరేనియన్లను చల్లగా ఉంటుందని నున్నగా గొరిగించి తెస్తారు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుతూ, ఆ తడి ఆవిరయ్యేటప్పుడు చల్లబడుతుంది. ఆరేసిన బట్టే ఆరని సముద్రపు ఉక్కలో ఆ తడి మాత్రం ఎక్కడ ఆవిరవుతుంది? ఇక బొచ్చు తీసేస్తే ఎండ నేరుగా చర్మానికే తగులుతుంది. లోపలి రాలుబొచ్చును దువ్వి తీస్తే చాలు. కుక్క ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే వడదెబ్బ. మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాను కింద ఉంచి, వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

బీచ్ రోడ్డుకు షికారు తీసుకెళ్లేముందు కాలిబాట మీద మీ చేతి వెనుకభాగం ఆనించి ఏడు దాకా లెక్కపెట్టండి. అంతసేపు ఆనించలేకపోతే ఆ పూటకు షికారు మానేసి, మెట్ల కింద నీడలో తడిగోనె పరిచి పడుకోబెట్టండి. పక్కనే గిన్నెలో నీళ్లు పెట్టండి.

సెలవు. నమస్కారం.