పోయిన చోటే వెతుక్కోవాలా?

[తెర మీద: చీకటి గది, దుప్పటి ముసుగులోంచి ఫోన్ వెలుతురు]

రాత్రి రెండున్నర. పొద్దున్నే పరీక్ష. పక్క మంచం మీద స్నేహితుడు నిద్రపోతున్నాడు, వాడికి తెలియకుండా బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించేసి, సౌండ్ ఆపేసి ఒక కుర్రాడు బెట్టింగ్ ఆడుతున్నాడు. సరదాకి కాదు. సరదా పదకొండింటికే అయిపోయింది, ఇప్పుడు ఆడుతున్నదంతా పోయిన ఫీజు డబ్బు రాబట్టుకోవడానికి.

పోయిన చోటే వెతుక్కోవాలి అంటుంటాం కదా, ఉంగరం పోతే ఆ మాట సరే. పందెంలో పోయిన డబ్బు అక్కడ పడి ఉండదు.

లెక్క చూడండి. ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చేస్తూ పోతే ఎప్పుడో ఒకసారి గెలుస్తాం, పోయిందంతా వచ్చేస్తుంది అని లెక్కల్లో మంచి మార్కులు వచ్చేవాళ్లు కూడా నమ్ముతారు.

[తెర మీద: 100, 200, 400, 800, 1600, 3200, 6400]

వరుసగా 7 సార్లు ఓడితే 12,700 పోయినట్టు. ఎనిమిదోసారి 12,800 కట్టాలి. అది గెలిచినా చివరికి మిగిలే లాభం 100, అంతే!

వరుసగా అన్నిసార్లు ఎవరు ఓడిపోతారు అంటారా? రౌలెట్ అంటే తిరిగే చక్రంలో బంతి ఎరుపు గడిలో ఆగుతుందా, నలుపు గడిలో ఆగుతుందా అని పందెం కాసే ఆట. 1913లో మాంటె కార్లో క్యాసినోలో ఆ బంతి వరుసగా 26 సార్లు నలుపు మీదే ఆగింది, ఈసారి ఎరుపు రాక తప్పదని జనం ఎరుపు మీద కడుతూనే ఉన్నారు, పోగొట్టుకుంటూనే ఉన్నారు. ఇంతకుముందు ఏం పడిందో బంతికి గుర్తుండదు.

ఇంకోటి, కొద్దిలో తప్పిపోయిన పందేనికి కూడా మెదడు గెలుపుకి స్పందించినట్టే కొంత స్పందిస్తుంది. అందుకే ఓడిపోయి కూడా 'అబ్బా, దగ్గరికొచ్చేశాం' అనిపిస్తుంది. పైగా ఆగు అని చెప్పాల్సిన మెదడు భాగం పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది, ఆ వయసులోనే మొదటిసారి ఇంటికి దూరంగా, చేతిలో డబ్బుతో, అడిగేవాళ్లు లేకుండా ఉంటాం. బుద్ధిలేక ఆడుతున్నాడు అని తేల్చేయడం నాకు అస్సలు నచ్చదు. అమెరికా మానసిక వైద్యులు 2013లోనే జూదం వ్యసనాన్ని మద్యం, డ్రగ్స్ వ్యసనాల వరుసలో చేర్చారు.

హద్దు దాటామో లేదో చూసుకోవడానికి 1997లో పరిశోధకులు రెండే ప్రశ్నలతో ఒక పరీక్ష తయారు చేశారు. పందెం డబ్బు ఇంకా ఇంకా పెంచాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎంత ఆడుతున్నారో మీకు ముఖ్యమైనవాళ్ల దగ్గర అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? ఒక్కదానికి అవునన్నా సరే, ఆలస్యం చేయకుండా కౌన్సెలర్‌ని కలవండి. యాప్‌లో మీ ఖాతాని మీరే బ్లాక్ చేయించుకునే వీలుంటే ఈ రాత్రే ఆ పని చేయండి.

ఇక పక్క మంచం మీద ఉన్న ఆ స్నేహితుడు మీరే అయితే, వాడు అప్పు అడిగినప్పుడు డబ్బు చేతికివ్వకండి. ఇవ్వాలనుకుంటే ఆ ఫీజు మీరే నేరుగా కట్టేయండి. ఎంత పోయిందిరా అని అడగండి. మొదటిసారి తక్కువ చేసి చెప్తాడు, తిట్టకుండా పక్కన కూర్చుని మళ్లీ అడగండి.