‘ఏమి విత్తునో’ అన్న మాట ఎవరితో చెప్పాడు పౌలు?

అధ్యక్షులు అయ్యగారికి, సంఘ పెద్దలకు, తల్లులకు, సహోదరులకు ప్రభువు పేరిట వందనాలు. ఇప్పుడే పాట పాడిన యవ్వనస్థులకు ప్రత్యేకంగా వందనాలు.

నాకిచ్చిన వాక్యం అపొస్తలుడైన పౌలు గలతీయ సంఘాలకు రాసిన పత్రిక 6వ అధ్యాయం 7వ వచనం. “మోసపోకుడి, దేవుడు వెక్కిరింపబడడు, మనుష్యుడు ఏమి విత్తునో ఆ పంటనే కోయును.” మనందరికీ కంఠతా వచ్చిన వాక్యమే.

యాకోబు సంగతి చూడండి. మేకపిల్లల చర్మం చేతులకు కప్పుకుని, అన్న బట్టలు తొడుక్కుని, చూపు ఆనని తండ్రిని మోసం చేశాడు. ఏళ్లు గడిచాక అతని కొడుకులే, తాము అమ్మేసిన తమ్ముడు యోసేపు అంగీని మేక రక్తంలో ముంచి తెచ్చి అతని ముందు పెట్టారు. ఈసారి మోసపోయిన తండ్రి తనే. పారసీక రాజు దగ్గర అధికారి హామాను సంగతీ మీకు తెలుసు. తనకు వంగి నమస్కరించని యూదుడు మొర్దెకై కోసం 50 మూరల ఉరికొయ్య చేయించాడు, దానికి తనే వేలాడాడు. ఇలాంటివి ఇంకా రాసుకొచ్చాను గానీ, వాటిని పక్కన పెడుతున్నాను. ఈ వాక్యం పేరు చెప్పి మనలో జరుగుతున్న ఒక సంగతి నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. అది చెప్పకుండా ఇక్కణ్నుంచి దిగలేను.

మా అక్క క్యాన్సర్‌తో మంచాన పడినప్పుడు ఒక విశ్వాసి చూడటానికి వచ్చారు. చక్కగా ప్రార్థన చేశారు. వెళ్లబోతూ, “ఏం విత్తామో అదే కోస్తాం కదమ్మా, ఒకసారి నిన్ను నువ్వు పరీక్షించుకో” అని అక్క తలమీద చెయ్యి వేసి వెళ్లిపోయారు. ఆ రాత్రి నుంచి అక్కకు నొప్పి కంటే ఆ మాట ఎక్కువైపోయింది. ఎప్పుడో ఆడపడుచుతో వచ్చిన మాట తేడా, ఎవరో సాయం అడిగితే లేదన్న రోజు, అన్నీ తవ్వుకుంది. “నాకు ఎవరి ఉసురు తగిలింది తమ్ముడూ?” అని అడిగేది. నిద్ర పట్టక అడిగేది, మందు వేసుకుంటూ అడిగేది. పోయేదాకా అడిగింది.

ప్రియులారా, ఈ మాట బైబిల్లో ఇంతకు ముందు కూడా ఒక రోగి దగ్గర వినబడింది. “అక్రమమును దున్ని కీడును విత్తువారు దానినే కోయుదురు.” అన్నది ఎవరు? ఎలీఫజు. ఎవరితో? పిల్లల్ని పోగొట్టుకుని, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న తన స్నేహితుడు యోబుతో. యోబు యథార్థవంతుడని దేవుడే ముందు సాక్ష్యమిచ్చాడు. ఎలీఫజు, అతనితో వచ్చిన స్నేహితులు మొదట ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా అతని పక్కన కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి అదొక్కటే. నోరు తెరిచాకే పాడైంది. చివరికి దేవుడు వాళ్లమీద కోపపడ్డాడు. పుట్టు గుడ్డివాణ్ని చూసి “ఎవరు పాపం చేశారు, వీడా, వీడి తల్లిదండ్రులా?” అని అడిగిన శిష్యులకు కూడా యేసుప్రభువు “వీడూ కాదు, వీడి కన్నవాళ్లూ కాదు” అనే చెప్పాడు.

మరి విత్తింది కోయడం అబద్ధమా? కాదు. కాదు గనుకే నాకింత బాధ. ఒక్క వచనం పట్టుకోకుండా అధ్యాయం మొదటి నుంచి చదవండి. తప్పులో పడిపోయినవాణ్ని సాత్వికంతో లేపమన్నాడు పౌలు. “ఒకని భారముల నొకడు భరించి” అన్నాడు. ప్రతివాడూ తాను చేసే పనిని పరీక్షించుకోవాలన్నాడు. వింటున్నారా? తన పనిని! పక్కింటివాడి జబ్బును కాదు, పొరుగామె కన్నీళ్లను కాదు. ఇదంతా చెప్పాకే విత్తడం, కోయడం అన్న మాట వచ్చింది. ఆ వెంటనే “మేలుచేయుటయందు విసుకక యుందము” అన్నాడు. అంటే రోగి మంచం దగ్గర నిలబడ్డప్పుడు ఈ వాక్యం వర్తించేది మంచం మీద ఉన్నవాళ్లకు కాదు, నిలబడ్డవాళ్లకు. అక్కడ మనం పలికే మాటే విత్తనం.

అక్క దగ్గరికి ఇంకొకామె కూడా వచ్చేది. వాక్యాలేమీ చెప్పేది కాదు. తల దువ్వేది, దుప్పటి మార్చేది, నన్ను పోయి పడుకోమనేది. ఎందుకింత చేస్తున్నావని ఒకసారి అడిగాను. తన కాన్పు కష్టమైనప్పుడు అక్క పక్కనే ఉందట. ఆ సంగతి అక్క మాకెప్పుడూ చెప్పలేదు. తన తప్పులన్నీ తవ్వుకున్న మనిషికి అదొక్కటి గుర్తు రాలేదు.

యోబు కథలో ఆఖరు సంగతి ఒకటి మనం తొందరగా చదివి దాటేస్తాం. ఆ స్నేహితుల్ని క్షమించేముందు దేవుడు ఏం చేశాడు? యోబు దగ్గరికే పంపాడు. యోబు ప్రార్థిస్తే మీ మూఢత్వాన్ని బట్టి మిమ్మల్ని శిక్షించను అన్నాడు. నొప్పించినవాళ్ల కోసం నొప్పి పడ్డవాడు ప్రార్థించాడు. వాళ్లు విత్తిందే కోయాల్సి వస్తే ఏమయ్యేవారో!

మీలో ఎవరైనా ఎవరితోనైనా ఇలాంటి మాట అని ఉంటే, ఈ వారమే వాళ్ల ఇంటికి వెళ్లండి. తప్పుగా అన్నానని చెప్పండి. అక్కకు ఆ మాట చెప్పేందుకు ఎవరూ రాలేదు. మన సంఘంలో జబ్బు చేసి కూటాలకు రాలేకపోతున్నవాళ్లు ఉన్నారు, వాళ్ల దగ్గర కూర్చుని కూర్చుని అలసిపోయిన ఇంటివాళ్లూ ఉన్నారు. రాత్రిళ్లు తోడు ఉండగలిగినవాళ్లు కూటం కాగానే అయ్యగారికి పేర్లు ఇవ్వండి.