తెర దించేటప్పటికి ఫోకస్ ఎక్కడుంది?

వేదిక మీదున్న పెద్దలకు, సంఘం సభ్యులకు, వెనక వరసల్లో కూర్చున్న తమ్ముళ్ళకు నమస్కారం. ఈ రోజు ఆగస్టు 19, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. 1839లో ఇదే తేదీన పారిస్‌లో డగేర్ అనే ఆయన ఫొటో తీసే పద్ధతిని లోకానికి బయటపెట్టారు. ఆ చరిత్ర నాకన్నా బాగా చెప్పగల పెద్దలు ఇక్కడే ఉన్నారు కాబట్టి దాని జోలికి వెళ్ళను. శాలువా కప్పినందుకు కృతజ్ఞతలు. దీంతో నాకు ఇంకా పని ఉంది, చివర్లో చెబుతాను.

నాకు ఇచ్చిన అంశం డీఎస్ఎల్ఆర్ వీడియోలో షార్ప్ ఫోకస్, అంటే లెన్సులు మార్చుకునే ఫొటో కెమెరాతో వీడియో తీసేటప్పుడు బొమ్మ మసకబారకుండా చూసుకోవడం. ముందు ఒక పెళ్ళి గురించి చెప్పాలి.

2011లో తణుకు దగ్గర ఒక పల్లెటూళ్ళో పెళ్ళి. అప్పటిదాకా నేను తీసినవన్నీ మామూలు వీడియో కెమెరాతోనే. అందరూ డీఎస్ఎల్ఆర్ అంటున్నారని ఒకటి అద్దెకు తెచ్చుకున్నాను. దాంతోపాటు 50 ఎంఎం 1.8 లెన్స్. ఆ 1.8 అనేది లెన్స్ కన్ను ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, అంకె చిన్నదైతే కన్ను పెద్దది. జీలకర్ర బెల్లం టైముకి పెళ్ళికొడుకు వెనక నిలబడ్డాను. మధ్యలో అడ్డుతెర, దాని మీద ఎర్రటి స్వస్తిక్. ఫొటోకి నొక్కినట్టే బటన్ నొక్కాను, ఫోకస్ పడింది, రికార్డింగ్ మొదలుపెట్టాను. పంతులుగారు ‘సుముహూర్తం’ అన్నారు, మేళం పెరిగింది, తెర దించారు. నాకు స్క్రీన్ మీద అంతా బాగానే కనిపించింది.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో వేసి చూశాను. పెళ్ళికూతురు అబ్బాయి తల మీదకు చాచిన చేతికి మోచేతి దాకా గోరింటాకు. ఆ డిజైన్ గీత గీతా లెక్కపెట్టవచ్చు. ఆ వెనక అమ్మాయి ముఖం మాత్రం నీళ్ళలో కలిపిన పసుపులా ఉంది. ఫోకస్ తెర ఉన్న చోటే ఉండిపోయింది. తెర వెళ్ళిపోయింది, ఫోకస్ వెళ్ళలేదు.

వాళ్ళింట్లో టీవీలో పెట్టి చూపించినప్పుడు పెళ్ళికూతురు తండ్రి ఒక్క మాటే అడిగారు: “ఏం బాబూ, మా అమ్మాయి ముఖం ఏది?” నేను డబ్బు వెనక్కి ఇస్తానన్నాను. “డబ్బు ఏం చేసుకుంటాం?” అన్నారు. ఇప్పటికీ ఏ మండపంలో తెర పట్టినా నాకు ఆ మాట వినిపిస్తుంది.

అసలు ఏం జరిగిందో చెబుతాను. డీఎస్ఎల్ఆర్‌లో ఫొటో తీసేటప్పుడు లోపలి అద్దం కొంత వెలుగును ఫోకస్ సెన్సర్ వైపు పంపుతుంది. అందుకే టక్కున ఫోకస్ పడుతుంది. వీడియోలో అద్దం పైకి లేచిపోతుంది, ఆ సెన్సర్‌కి ఏమీ కనపడదు. 2008లో నికాన్ డీ90, కానన్ 5డీ మార్క్ 2 వచ్చి వీడియోకి దారి తెరిచాయి. కానీ ఆ తరం కెమెరాల్లో మన వెంట పరిగెత్తే ఆటోఫోకస్ లేదు. 2013లో కానన్ 70డీతో డ్యూయల్ పిక్సెల్, అంటే బొమ్మ పట్టే సెన్సరే ఫోకస్ కూడా చూసుకునే పద్ధతి, వచ్చాక ఆ పరిస్థితి మారింది. అది మంచి పనితనమే. కానీ తమ్ముళ్ళూ, ముఖాన్ని పట్టుకునే ఆటోఫోకస్ ముఖం కనిపించినప్పుడే కదా పట్టుకునేది! తెర అడ్డంగా ఉన్నప్పుడు అది తెరనే చూస్తుంది. తెర దిగాక ముఖాన్ని వెతుక్కుంటూ ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి ఊగుతుంది. హోమం పొగలోనూ అంతే. తెల్లటి మధుపర్కాల మీద పట్టుకోవడానికి గీత దొరకనప్పుడూ అంతే.

ఇంకో లెక్క వినండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, అంటే పాత ఫిల్మ్ అంత పెద్ద సెన్సర్ ఉన్నది, 50 ఎంఎం లెన్స్, మనిషి 2 మీటర్ల దూరంలో. 1.8లో పెడితే షార్ప్‌గా ఉండే లోతు సుమారు 17 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. తెరకీ అమ్మాయి ముఖానికీ మధ్య అడుగు పైనే ఉంటుంది. అదే 4లో పెడితే ఆ లోతు 38 సెంటీమీటర్ల దాకా వస్తుంది. అమ్మాయి కొంచెం ముందుకు వంగినా, సిగ్గుపడి తల తిప్పినా ముఖం మన చేతిలోనే ఉంటుంది.

మరి 4లో ఎందుకు పెట్టడం లేదు? ఎవరైనా చెప్పండి. ‘డార్క్ వస్తుంది’ అంటున్నారు. అవును, 1.8 నుంచి 4కి రావాలంటే సుమారు 5 రెట్ల వెలుగు కావాలి. షట్టర్ వేగం తగ్గించడానికి లేదు. సెకనుకు 25 ఫ్రేములు తీస్తే షట్టర్ 1/50 సెకను ఉండాలి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అక్కడ లైట్లు కూడా ఫ్లికర్ కావు, మినుకుమినుకుమనవు. అందుకే నేను ఈ మైకు ముందుకొచ్చింది ఫోకస్ కన్నా ముందు వెలుగు గురించి మాట్లాడటానికి. ఆ వెలుగు పట్టుకున్న మనిషి గురించి.

పాత రోజుల్లో కెమెరామెన్ పక్కన లైట్ బాయ్ ఉండేవాడు. ఆ పేరు వింటే నాకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే నాతో వచ్చినాయన నాకన్నా పదేళ్ళు పెద్ద. బాబాయ్ అని పిలిచేవాణ్ణి. 1000 వాట్ల హాలోజన్ లైటు పైకెత్తి పట్టుకుని, వైరు చుట్ట భుజాన వేసుకుని, ఏ చిన్నపిల్లా ఆ వైరు తొక్కకుండా చూసుకుంటూ రాత్రంతా నిలబడేవారు. నేను అడగక్కముందే లైటు పెళ్ళికూతురు ముఖం మీదకు వచ్చేది. ఎప్పుడు తాళి కడతారో, ఎప్పుడు తలంబ్రాలో మంత్రం వినే చెప్పేవారు.

డీఎస్ఎల్ఆర్ వచ్చాక పెళ్ళివాళ్ళకి మనమే చెప్పాం, “దీంట్లో లైటు అక్కర్లేదండీ, చీకట్లో కూడా వస్తుంది” అని. లైట్ బాయ్ కూలి మిగుల్చుకున్నాం. ఆ వెలుగు లోటు పూడ్చడానికి లెన్స్ మొత్తం ఓపెన్ చేశాం. తణుకు పెళ్ళికి నేను బాబాయిని తీసుకెళ్ళలేదు. ఆ రోజు నాకు మిగిలింది ఆయన కూలి, పోయింది ఆ అమ్మాయి ముఖం. ఆ తర్వాత ఆయన ఆటో నడుపుకున్నారు.

ఇక్కడ స్టూడియో ఓనర్లు చాలామంది ఉన్నారు. అయ్యా, మిమ్మల్ని చేతులెత్తి అడుగుతున్నాను. డ్రోన్‌కి డబ్బు అడుగుతున్నాం, ఎల్ఈడీ వాల్‌కి అడుగుతున్నాం. లైటు పట్టుకునే మనిషికి కూడా బిల్లులో ఒక లైను రాయండి. అసలు మనిషే దొరక్కపోతే ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుగులోనూ బొమ్మ వెలుగుగా వచ్చేలా చేసే సెట్టింగు, పెంచండి. 640 పెట్టేచోట 3200 అవుతుంది, గ్రెయిన్ వస్తుంది, అంటే బొమ్మ మీద ఇసుక చల్లినట్టు చుక్కలు, రానివ్వండి. గ్రెయిన్ ఉన్న ముఖాన్ని తల్లిదండ్రులు గుర్తుపడతారు. ఎడిటింగ్‌లో షార్ప్‌నెస్ పెంచితే మాత్రం ఔట్ ఫోకస్ ముఖం తిరిగి రాదు, అంచులు గరుకెక్కుతాయి అంతే.

టైము అయిపోతోందని చీటీ పంపారు. రెండు విషయాలు చెప్పి ముగిస్తాను. వీడియో కెమెరా నుంచి వచ్చిన నాలాంటివాళ్ళకి ఒక అలవాటుంది. ముఖం మీదకు జూమ్ చేసి ఫోకస్ పెట్టి, మళ్ళీ వైడ్‌కి వస్తాం. డీఎస్ఎల్ఆర్ జూమ్ లెన్సుల్లో చాలావాటికి అది చెల్లదు, జూమ్ మారితే ఫోకస్ కూడా జరుగుతుంది. మీరు తీయబోయే ఫ్రేమ్ దగ్గరే ఫోకస్ పెట్టుకోవాలి. రెండోది, ఫోకస్ రింగు మీద టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోవడం. పాత లెన్సుల్లో బాగా పనిచేస్తుంది. మోటారుతో ఫోకస్ జరిపే ఎస్టీఎం లెన్సుల్లో రింగు ఎంత తిప్పినా ఆగదు, అక్కడ ఆ గుర్తును నమ్మకండి.

మరి తెర దగ్గర ఏం చేయాలి? తెర పట్టినప్పుడు దాని పక్క నుంచి అమ్మాయి చెవి జూకా కనిపిస్తుంది. రికార్డింగ్‌కి ముందే ఆటోఫోకస్ ఆపేయండి. స్క్రీన్ మీద బొమ్మను 10 రెట్లు పెద్దది చేసి, ఆ జూకా మీద రింగు తిప్పి ఫోకస్ పెట్టండి. చిన్న స్క్రీన్‌లో మామూలుగా చూస్తే అన్నీ షార్ప్‌గానే కనిపిస్తాయి, నన్ను ముంచింది అదే. తర్వాత రింగు మీద నుంచి చెయ్యి తీసేయండి. తెర మసకగా కనిపిస్తుంది, కంగారుపడి తిప్పకండి. ముహూర్తం దాకా అలాగే ఉండండి.

ఇది మాటలతో తేలేది కాదు. కెమెరా స్టాండ్ మీద సిద్ధంగా ఉంది. ఈ శాలువా తెరగా పట్టుకోవడానికి ఇద్దరు తమ్ముళ్ళు రండి, అటూ ఇటూ కూర్చోవడానికి ఇంకో ఇద్దరు. ముందు 1.8లో తీద్దాం, తర్వాత 4లో తీసి రెండూ స్క్రీన్ మీద వేద్దాం. హాల్లో లైట్లు ఆపించండి.

బాబాయ్, తలుపు దగ్గర నిలబడ్డారేం, ముందుకు రండి. లైటు మీరే పట్టుకోవాలి.